బేలు మధ్యలోని చీర

విజయవాడ వన్ టౌన్‌లోని వస్త్రలత బట్టల మార్కెట్‌లో ముప్పయ్యేళ్లుగా గుమాస్తాగా పనిచేస్తున్న ఒకాయన మా పక్క సందులోనే ఉంటారు. 2025 జూలైలో ఒక ముసురు సాయంత్రం, కొట్టు కట్టేసి నేరుగా మా ఇంటికి వచ్చారు, కూతుర్ని వెంటబెట్టుకుని. అమ్మాయి చేతిలో అట్ట చిరిగిన లాంగ్ నోటుపుస్తకం. "మాస్టారూ, రేపు రాత్రికి వెబ్ ఆప్షన్లు మూసేస్తారంట. ఏ బ్రాంచి ముందు పెట్టాలో మీరొకసారి చూసి చెప్పండి" అన్నారు. ఈఏపీసెట్‌లో ఆ పిల్లకు నలభై వేల చిల్లర ర్యాంకు. పుస్తకం తెరిచి చూస్తే ఒకటో నంబరు నుంచి పద్నాలుగో నంబరు దాకా వరసగా సీఎస్ఈ, అంటే కంప్యూటర్ సైన్స్. కాలేజీల పేర్లు మారుతున్నాయి, బ్రాంచి మారలేదు. పదిహేనో వరసలో కూడా సీఎస్ఈయే, పక్కన ఏఐ అన్న రెండక్షరాలు చేర్చి.

నేను ఈ వన్ టౌన్‌లోనే ఒక డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్పి రిటైరయినవాణ్ణి. ఇంజినీరింగ్ సంగతి నన్నెందుకు అడుగుతారా అని మొదట్లో అనుకునేవాణ్ణి. జూన్, జూలై వచ్చాయంటే ఈ వీధుల్లో లెక్క తెలిసిన ప్రతివాడి అరుగూ ఒక కౌన్సెలింగ్ కేంద్రమే. అందులో తప్పేమీ లేదు. బ్రాంచి అనేది ఇప్పుడు చదువు ప్రశ్న కన్నా ముందు డబ్బు ప్రశ్న. అది డబ్బు ప్రశ్నే అయినప్పుడు డబ్బు లెక్కలాగే వేయాలి కదా.

"అన్నీ సీఎస్ఈయే పెట్టారేమిటండీ?" అని అడిగాను. ఆయన ఫోన్ తీసి ఒక ఫొటో చూపించారు. బెంజ్ సర్కిల్ దగ్గర తీసిన ఫ్లెక్సీ. నవ్వుతున్న కుర్రాడి బొమ్మ పక్కన పెద్ద అక్షరాల్లో 44 లక్షల ప్యాకేజీ. "ఆ కాలేజీ సీఎస్ఈ కుర్రాడంట మాస్టారూ."

"మీ కొట్లో బేలు దిగితే సరుకు ఎలా చూస్తారు?" అన్నాను.

"మధ్యలోంచి లాగి చూస్తాం. పైన ఎవడైనా మంచి చీరే పెడతాడు గదా."

ముప్పయ్యేళ్లు కామర్స్ చెప్పిన నాకు మీడియన్ అనే మాటకు ఇంతకన్నా మంచి నిర్వచనం దొరకలేదు. జీతాలన్నీ తక్కువ నుంచి ఎక్కువకు వరసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో నిలబడ్డ పిల్లవాడి జీతం అది. ఫ్లెక్సీ మీద ఉండేది పైచీర.

నోటుపుస్తకం చివరి పేజీలో ఆయన కోసం ఒక ఊహాలెక్క వేశాను. ఒక సెక్షన్‌లో వందమంది పిల్లలు. ఉద్యోగం దొరికింది 45 మందికి. అందులో ఒకరికి 44 లక్షలు, నలుగురికి పదేసి లక్షలు, మిగతా నలభై మందికి మూడున్నర లక్షల చొప్పున. ఇప్పుడు ఈ ఒక్క సెక్షన్ గురించి నాలుగు అంకెలు చెప్పొచ్చు, నాలుగూ నిజాలే. అత్యధిక ప్యాకేజీ 44 లక్షలు. ఉద్యోగం వచ్చినవారి సగటు దాదాపు 5 లక్షలు. ఉద్యోగం వచ్చినవారిలో మధ్య పిల్లవాడికి 3.5 లక్షలు. మొత్తం వందమందినీ నిలబెడితే, మధ్యలో ఉన్న పిల్లవాడికి ఉద్యోగమే లేదు. కాలేజీ ఈ నాలుగింటిలో మొదటిది ఫ్లెక్సీ మీద వేస్తుంది, రెండోది బ్రోషర్‌లో వేస్తుంది. మూడోది, నాలుగోది మనం అడిగి తెలుసుకోవాలి.

అడగడానికి ఒక దారి ఉంది, చాలామంది తల్లిదండ్రులకు దాని సంగతి తెలియదు. కేంద్ర విద్యాశాఖ నడిపే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకింగుకు దరఖాస్తు చేసే కాలేజీ ఏటా తన లెక్కలు సమర్పించాలి. ఎంతమంది చేరారు, అందులో ఎంతమంది సకాలంలో డిగ్రీ పూర్తిచేశారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వచ్చినవారి మధ్యస్థ జీతం ఎంత, ఎంతమంది పైచదువుకు వెళ్లారు అన్నవి అందులో ఉంటాయి. చాలా కాలేజీలు ఆ పత్రాన్ని తమ వెబ్‌సైట్‌లో ఏదో ఒక మూల పెడతాయి. ఆ లెక్క బ్రాంచిల వారీగా ఉండదు, కాలేజీ మొత్తానికి ఉంటుంది. అయినా ఫ్లెక్సీ చెప్పని మాట అది చెబుతుంది.

ఇక బజారు ధర. మన కాలేజీల నుంచి సాధారణ ర్యాంకుతో బయటికొచ్చిన పిల్లల్ని ఎక్కువగా తీసుకునేవి ఐటీ సేవల కంపెనీలు. టీసీఎస్‌లో మొదటి మెట్టు జీతం ఏడాదికి 3.36 లక్షలు. విప్రోలో మూడున్నర, ఇన్ఫోసిస్‌లో 3.6. పన్నెండుతో భాగించి చూస్తే 3.36 లక్షలంటే నెలకు 28 వేలు, పీఎఫ్‌లాంటివి పోగా చేతికి పాతిక వేల చుట్టుపక్కల. విచిత్రం ఏమిటంటే 2012 ప్రాంతంలోనూ ఈ మెట్టు జీతం మూడు లక్షల పైచిలుకే. కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల ధరల సూచీని 2012లో 100గా లెక్కగడితే 2024 చివరికి అది 195 దాటింది. అంటే ఆనాటి 3 లక్షల కొనుగోలు శక్తి నిలబడాలంటే ఈనాడు 5.85 లక్షలు రావాలి. కాళేశ్వరరావు మార్కెట్‌లో కందిపప్పు ధర మారింది, ఇంటద్దెలు మారాయి, ఇంజినీరింగ్ ఫీజు మారింది. మొదటి జీతం మాత్రం ఉన్నచోటే ఉంది.

ఈ అంకెల్లో నాకు ఎక్కువగా ఆలోచన కలిగించిన సంగతి ఇంకోటి ఉంది. ఈ కంపెనీల ప్రవేశపరీక్షలకు సివిల్ పిల్లవాడు, మెకానికల్ పిల్లవాడు, ఎలక్ట్రికల్ అమ్మాయి అందరూ కూర్చోవచ్చు. ఎంపికైతే అందరికీ అదే మెట్టు, అదే జీతం. కాబట్టి బేలు మధ్యలో బ్రాంచి తేడా దాదాపు మాయమవుతుంది. సీఎస్ఈ కోసం ఏడెనిమిది మెట్లు దిగి బలహీనమైన కాలేజీలో చేరిన పిల్లవాడూ, మంచి కాలేజీలో ఎలక్ట్రికల్ చదివిన పిల్లవాడూ చివరికి ఒకే హాల్లో ఒకే పరీక్ష రాస్తారు. బ్రాంచి తేడా కొట్టొచ్చినట్టు కనిపించేది పైకొసన. సాఫ్ట్‌వేర్ ఉత్పత్తులు సొంతంగా తయారుచేసే కంపెనీలు, చిప్‌ల డిజైన్ కంపెనీలు సీఎస్ఈ, ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) పిల్లల్నే వెతుక్కుంటాయి. పది, ఇరవై లక్షల జీతాలు అక్కడివి. ఆ తలుపు తట్టగల పిల్లలు ఒక క్లాసులో ఎంతమంది ఉంటారన్నది తల్లిదండ్రులు గుండె మీద చెయ్యేసుకుని ఆలోచించాలి.

బీటెక్‌కు, మూడేళ్ల డిగ్రీకి మధ్య తేడా ఇంకా సూటిగా ఉంటుంది. 2024 ఆగస్టులో కాగ్నిజెంట్ 2.52 లక్షల వార్షిక జీతంతో కొత్తవాళ్లను తీసుకుంటోందన్న వార్త మీద దేశమంతా చర్చ జరిగింది. అది మూడేళ్ల డిగ్రీ చేసినవారికనీ, ఇంజినీరింగ్ వారికి 4 లక్షల నుంచి మొదలవుతుందనీ కంపెనీ వివరణ ఇచ్చింది. ఒకే కంపెనీ, ఒకే ఏడాది, చదువు పేరు మారినందుకు జీతం దాదాపు 59 శాతం ఎక్కువ. నెలకు 21 వేలకు, 33 వేలకు ఉన్న తేడా. ఆ 21 వేలను తక్కువని అందరూ అన్నారు. కానీ కేంద్ర గణాంక శాఖ 2023-24 శ్రామిక సర్వే ప్రకారం దేశంలో నెలజీతం మీద పనిచేసేవారందరి సగటు 20,702 రూపాయలు. స్వయం ఉపాధిలో ఉన్నవారి సగటు 13,279. రోజుకూలీకి రోజుకు 418. మా గుమాస్తాగారు ముప్పయ్యేళ్ల సర్వీసు తర్వాత కూడా ఆ మొదటి సగటును దాటలేదు. అందుకే ఆయన కళ్లకు 44 లక్షల ఫ్లెక్సీ అంత పెద్దగా కనిపించింది. ఆ ఆశను నేను తేలిగ్గా చూడలేను.

మన డెల్టాలో ఇంజినీరు అంటే ఎప్పుడూ కంప్యూటరే గుర్తొచ్చేది కాదు. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి నూరేళ్లకు పైగా ఇంజినీరు అంటే కాలవలూ లాకులూ చూసే దొరగారే. 1902లో కంకిపాడులో పుట్టిన కానూరి లక్ష్మణరావు సివిల్ ఇంజినీరు, తర్వాత కేంద్ర నీటిపారుదల మంత్రి. విజయవాడ ఆయన్ని మూడుసార్లు లోక్‌సభకు పంపింది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది, 1957లో ప్రకాశం బ్యారేజి తెరుచుకుంది. ఆ కాలపు తల్లిదండ్రుల్ని అడిగితే మొదటి ఆప్షన్ సివిల్ అనే చెప్పేవారు. 1977లో వి.ఆర్. సిద్ధార్థ, 1980లో కె.ఎల్. కాలేజీ వచ్చాక ఇంజినీరింగ్ చదవడానికి మద్రాసో వాల్తేరో వెళ్లే పని తప్పింది. తొంభైల చివర వై2కె పనులు, అమెరికా వీసాలు వచ్చి బొమ్మ మొత్తం తిరగబడింది. బ్రాంచికి ధర ఇచ్చేది కాలం. ఆ కాలం పిల్లవాడు చేరే రోజుది కాదు, నాలుగేళ్ల తర్వాత బయటికొచ్చే రోజుది.

ఈ సంగతి మిర్చి రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. నిరుడు గుంటూరు యార్డులో ధర పలికిందని ఈ ఏడు ఊరంతా మిర్చి వేస్తే కోతలప్పటికి ఏమవుతుందో అతనికి తెలుసు. అమెరికా ఆర్థికవేత్త రిచర్డ్ ఫ్రీమన్ 1976లో ఇంజినీర్ల విషయంలో ఇదే చూపించాడు. జీతాలు పెరిగిన ఏడు కాలేజీల్లో చేరికలు ఎగబాకుతాయి. నాలుగేళ్లకు వాళ్లంతా ఒక్కసారే బజార్లోకి వచ్చేసరికి మొదటి జీతాలు పడిపోతాయి. అది చూసి తర్వాతి పిల్లలు వెనక్కి తగ్గుతారు, మళ్లీ కొరత వస్తుంది. తేడా అల్లా మిర్చి రైతుకు మరుసటి ఏడు ఇంకో పంట వేసుకునే వీలుంది. పిల్లవాడికి పంట ఒక్కటే.

2021, 2022ల్లో ఐటీ కంపెనీలు తలుపులు బార్లా తెరిచాయి. ఆ రెండేళ్ల ఆఫర్ లెటర్లు చూసి 2022లో, 2023లో మన పిల్లలు సీఎస్ఈలో చేరారు. ఇంతలో 2024 మార్చితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో టీసీఎస్ సిబ్బంది 13,249 మంది తగ్గారు. ఇన్ఫోసిస్‌లో 25,994, విప్రోలో 24,516. మూడు కంపెనీల్లో కలిపి 63,759 కుర్చీలు. గుమాస్తాగారు మా ఇంటికి వచ్చిన ఆ నెలాఖరులోనే టీసీఎస్ ఇంకో పన్నెండు వేల పైచిలుకు మందిని తగ్గించుకుంటానని ప్రకటించింది. సీట్ల వైపు చూస్తే, ఒక్కో బ్రాంచిలో చేర్చుకోదగ్గ విద్యార్థుల సంఖ్య మీద ఉన్న పరిమితిని ఏఐసీటీఈ 2024-25 నుంచి, నిబంధనలు పాటించే మంచి కాలేజీలకు ఎత్తేసింది. దానితో చాలాచోట్ల సివిల్, మెకానికల్ సీట్లు కుదించి సీఎస్ఈ సీట్లు పెంచారు. దేశంలో 2021-22 నాటికే కంప్యూటర్ ఇంజినీరింగ్ చదివేవారు 12.9 లక్షల మంది.

అమెరికాలో ఈ చక్రం ఇప్పటికే ఒక చుట్టు తిరిగింది. న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు 2023 సమాచారంతో 2025లో వెలువరించిన పట్టిక ప్రకారం, కొత్తగా డిగ్రీ పుచ్చుకున్నవారిలో నిరుద్యోగం కంప్యూటర్ సైన్స్‌లో 6.1 శాతం, కంప్యూటర్ ఇంజినీరింగ్‌లో 7.5 శాతం. సివిల్ ఇంజినీరింగ్‌లో 1 శాతం. ఉద్యోగం దొరికిన కంప్యూటర్ పిల్లల జీతం ఇప్పటికీ ఎక్కువే, అదీ నిజమే. ఎంఎస్ చేద్దామని ఇక్కడి నుంచి విమానం ఎక్కే పిల్లలు ఈ రెండు నిజాలనూ కలిపి చదువుకోవాలి.

ఇక్కడ ఒక న్యాయమైన సందేహం వస్తుంది. సీఎస్ఈ వారు ఎక్కువ సంపాదిస్తున్నారంటే అది బ్రాంచి మహిమా, లేక మంచి ర్యాంకు పిల్లలంతా అందులోనే చేరడం వల్లా? చురుకైన పిల్లలందరినీ తీసుకెళ్లి సంస్కృతంలో చేర్పిస్తే, పదేళ్లకు సంస్కృతం వారి జీతాలే ఎక్కువని లెక్క తేలొచ్చు. దీన్ని విడదీసి చూడాలంటే సరిగ్గా కటాఫ్ గీతకు అటూ ఇటూ పడ్డ పిల్లల్ని పోల్చాలి. ఒక్క మార్కు తేడాతో ఒకరికి సీటు వచ్చి ఇంకొకరికి రాకపోతే తెలివిలో వాళ్లిద్దరూ సమానమే.

నార్వేలో కాలేజీ ప్రవేశాలు అచ్చం మన వెబ్ కౌన్సెలింగ్ లాగే జరుగుతాయి. పిల్లలు కోర్సు, కాలేజీ జతలుగా ఆప్షన్లు వరసగా ఇస్తారు, మార్కుల్ని బట్టి సీటు పడుతుంది. కిర్కెబోన్, లూవెన్, మోగ్‌స్టాడ్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఆ దేశపు రికార్డులతో కటాఫ్ గీత దగ్గరి పిల్లల్ని పోల్చి 2016లో ఫలితాలు ప్రచురించారు. ఏ సబ్జెక్టు చదివారన్నది జీతాన్ని గట్టిగా మారుస్తుందని తేలింది. కాలేజీ చదివినవారికీ చదవనివారికీ ఉండే తేడా ఎంతో, కొన్ని సబ్జెక్టుల మధ్యా అంత తేడా ఉంది. పేరున్న కాలేజీయా కాదా అన్నది మాత్రం అంతగా తేడా చూపలేదు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఆ లాభం అందరికీ ఒకటి కాదు. రెండో ఆప్షన్‌గా ఏది పెట్టారో దాన్ని బట్టి మారింది, పిల్లలు మొత్తమ్మీద తమకు పట్టు ఉన్న రంగం వైపే మొగ్గారు.

కాలిఫోర్నియాలోని శాంటాక్రజ్ విశ్వవిద్యాలయంలో ఎకనామిక్స్ తీసుకోవాలంటే ఒకప్పుడు తొలి ఎకనామిక్స్ కోర్సుల్లో 2.8 సగటు గ్రేడు దాటాల్సి ఉండేది. ఆ గీతను కొద్దిలో దాటి ఎకనామిక్స్‌లో చేరినవారిని, కొద్దిలో తప్పి వేరే సామాజిక శాస్త్రాల్లోకి వెళ్లినవారితో బ్లీమర్, మెహతా పోల్చారు. ఎకనామిక్స్ వారి తొలి ఉద్యోగ కాలపు జీతం ఏడాదికి 22 వేల డాలర్లు, అంటే 46 శాతం ఎక్కువ. కాబట్టి బ్రాంచి మహిమ ఉత్త భ్రమ కాదు. గుమాస్తాగారి మాటలో బలం ఉంది.

అయితే నార్వే లెక్కను యథాతథంగా కృష్ణా జిల్లాకు దించుకుంటే తప్పవుతుంది. అక్కడ చదువు చాలావరకు ప్రభుత్వానిది, ఏ కాలేజీలోనైనా పాఠం చెప్పేవాళ్లూ ల్యాబులూ ఒక స్థాయికి తగ్గవు. మన దగ్గర ఒకే బ్రాంచి పేరు కింద రెండు కాలేజీల మధ్య ఉన్న దూరం గొల్లపూడికీ గన్నవరానికీ ఉన్నంత. ల్యాబు తాళం తీయని సీఎస్ఈ కూడా సీఎస్ఈయే అనిపించుకుంటుంది. అందుకని ఇక్కడ కాలేజీ నాణ్యతను పక్కన పెట్టి బ్రాంచిని ఎంచుకోకూడదనే నా గట్టి అభిప్రాయం.

పదేళ్ల తర్వాతి జీతం సంగతి కూడా చూడాలి. డేవిడ్ డెమింగ్, కదీమ్ నోరే 2020లో ప్రచురించిన పరిశోధనలో, కంప్యూటర్ సైన్స్, ఇంజినీరింగ్ వంటి చదువులవారు మొదట్లో అందరికన్నా ముందుంటారనీ, ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఆధిక్యం వేగంగా తరిగిపోతుందనీ చూపించారు. కారణం ఆ రంగంలో పనితనం పాతబడే వేగం. కాలేజీలో నేర్చుకున్న భాష అయిదారేళ్లకు ఎవరికీ అక్కర్లేకుండా పోతుంది, వెనక కొత్త భాష తెలిసిన కొత్త పిల్లలు వస్తారు. నిత్యం నేర్చుకునే ఓపిక ఉన్నవారికి అది పండగ, లేనివారికి ముప్పయ్యో ఏటి నుంచే కంగారు.

ఇంజినీరింగ్ దాటి చూస్తే అసలు జనం ఉన్నది అక్కడే. 2021-22లో దేశంలో డిగ్రీ స్థాయిలో చదివేవారిలో 34.2 శాతం ఆర్ట్స్, 14.8 శాతం సైన్సు, 13.3 శాతం కామర్స్. ఇంజినీరింగ్ 11.8 శాతమే. మన పేపర్లలో వార్తలన్నీ ఆ 11.8 శాతం గురించే. ఇంటర్‌లో సైన్సు చదివినవారు, ఆర్ట్స్, కామర్స్ చదివినవారికన్నా 22 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారని తరుణ్ జైన్, అభిరూప్ ముఖోపాధ్యాయ్, నిశీథ్ ప్రకాశ్, రాఘవ్ రాకేశ్ జాతీయ సర్వే సమాచారంతో లెక్కగట్టారు. ఇంగ్లిషు కొంతైనా వచ్చినవారిలో ఈ లాభం ఎక్కువ. నిశీథ్ ప్రకాశ్ మరో ఇద్దరితో కలిసి 2013లో చేసిన పనిలో, ఇంగ్లిషు ధారాళంగా మాట్లాడే మగవారి గంటజీతం అసలు రానివారికన్నా 34 శాతం ఎక్కువ, కొద్దిగా వచ్చినవారిది 13 శాతం ఎక్కువ. ఆ 22 శాతాన్నీ ఈ 34 శాతాన్నీ పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఇంటర్ గ్రూపు మార్చితే వచ్చే లాభం కన్నా భాష మీద పట్టు వల్ల వచ్చే లాభం చిన్నదేమీ కాదు. ఎంపీసీ కోసం రెండేళ్లలో లక్షలు పోసే తల్లిదండ్రులు భాష కోసం రోజూ అరగంట కూడా కేటాయించరు.

కామర్స్ నా ఇల్లు కాబట్టి కాస్త ఎక్కువ చెప్పనివ్వండి. 1965లో ఇక్కడ కె.బి.ఎన్. కాలేజీ వెలిసినప్పటి నుంచి వన్ టౌన్ కొట్ల పుస్తకాలు రాసేది బీకాం పిల్లలే. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక వాళ్ల అవసరం ఇంకా పెరిగింది. నెలనెలా రిటర్నులు, ఇన్‌వాయిస్‌ల పొంతన, ఏదీ చేతిరాత జమాఖర్చుతో అయ్యే పని కాదు. అయినా బీకాం చదివి ట్యాలీ నేర్చుకుని కొట్లో చేరిన పిల్లవాడి మొదటి జీతం ఐదంకెలే, ఆ ఐదంకెల్లో మొదటిది ఒకటి. అదే పిల్లవాడు సీఏ పూర్తిచేస్తే అతని జీతం సాధారణ బీటెక్‌ను దాటిపోతుంది. అంటే ఒకే కామర్స్‌లో అట్టడుగూ ఉంది, శిఖరమూ ఉంది. మధ్యలో ఉన్న గేటు ఇరుకు. సీఏ ఫైనల్ రెండు గ్రూపులూ కలిపి రాసినవారిలో 2023 నవంబరులో పాసైంది 9.42 శాతం, 2024 మేలో 19.88 శాతం. 2023లో వచ్చిన కొత్త పద్ధతిలో ఆర్టికల్స్ కాలం మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది, ఆ కాలంలో స్టైపెండ్ వస్తుంది. పరీక్ష తప్పినా నేర్చుకున్న పని చేతిలో ఉంటుంది. నా విద్యార్థుల్లో సీఏ ఫైనల్ దాటలేకపోయినవారు కొందరు ఇవాళ ఈ మార్కెట్ వీధుల్లోనే ట్యాక్స్ ప్రాక్టీసుతో గౌరవంగా బతుకుతున్నారు.

ప్రభుత్వ ఉద్యోగాల లెక్క మరో రకం. మన రాష్ట్ర వేతన స్కేళ్లలో స్కూల్ అసిస్టెంట్ మూలవేతనం 44,570, ఎస్జీటీది 32,670, అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుది 57,100. వీటిపైన డీఏ. అంటే బీఏ తెలుగు, బీఈడీ చేసి టీచరైన అమ్మాయి మొదటి నెల నుంచే ఐటీ మెట్టు జీతాన్ని దాటుతుంది. రైల్వేలో పాలిటెక్నిక్ డిప్లొమాతో జూనియర్ ఇంజినీరైతే మూలవేతనం 35,400. జీతం బాగుంది, దొరికే అవకాశం చూడండి. టీచర్ల నియామకానికి 2018 తర్వాత డీఎస్సీ మళ్లీ వచ్చింది 2025లో. 16,347 పోస్టులకు 3.36 లక్షల మంది పోటీ, ఇరవై మందిలో ఒకరికి. ఆ ఏడేళ్ల ఎదురుచూపుకు ఏ జీతపు పట్టికలోనూ గడి లేదు. బీఏ జీతం ఎంత అని అడిగితే వచ్చిన ఆ ఒక్కరిదీ చెప్పాలి, రాని పంతొమ్మిది మందిదీ చెప్పాలి.

అప్పు మాట కూడా ఎత్తాను, గుమాస్తాగారు దాని గురించే మొహమాటపడుతున్నారని తెలిసి. కన్వీనర్ కోటాలో సీఎస్ఈ రాకపోతే మేనేజ్‌మెంట్ కోటాలో కొందామని, ఎనిమిది లక్షలు అప్పు చేద్దామని ఆయన ఆలోచన. పది శాతం వడ్డీకి ఏడేళ్లలో తీర్చేలా అయితే నెలకు వాయిదా 13,280 రూపాయలు, మొత్తం కట్టేది 11 లక్షల పైన. చదివే నాలుగేళ్లలో పేరుకునే వడ్డీ ఇందులో కలపలేదు. చేతికొచ్చే పాతిక వేలలో 13,280 పోతే మిగిలేది పన్నెండు వేల లోపు. హైదరాబాద్ హాస్టల్ ఖర్చు, తిండి, బస్సు అన్నీ అందులోనే. ఆయన ఆ అంకె కింద గీత గీసి చాలాసేపు చూస్తూ ఉండిపోయారు. కొట్లో ఏ సరుకు మీదా ఇంత పెట్టుబడి పెట్టి ఇంత చిన్న లాభానికి బేరం చేసి ఉండరు.

అప్పటిదాకా అమ్మాయి ఒక్క మాట మాట్లాడలేదు. "నీకేది ఇష్టం తల్లీ?" అని అడిగితే తండ్రి వైపు చూసింది. ఇంటర్‌లో ఫిజిక్స్ బాగా వచ్చేదట, ఇంట్లో పాడైన మిక్సీ, రేడియో విప్పి బిగించేదట. "ఈసీఈ అయితే సాఫ్ట్‌వేర్ పరీక్షలూ రాయొచ్చు గదా సార్, ప్రోగ్రామింగ్ విడిగా నేర్చుకుంటాను" అంది. ఆ పద్నాలుగు సీఎస్ఈలు తండ్రి భయంతో రాయించినవని అప్పుడు అర్థమైంది. ఆయన్ని తప్పుపట్టలేను. పిల్ల తనలా ఇతరుల కొట్లో నిలబడకూడదని ఆయన కోరిక.

పేజీ తిప్పి పట్టిక మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి కాలేజీల వరస ముందు రాసి, ఒక్కోదాని పక్కన మూడు ఖాళీ గడులు గీశాను. క్లాసులో ఎంతమంది, అందులో ఉద్యోగం ఎంతమందికి, మధ్య పిల్లవాడికి ఎంత. "ఇవి నింపాక ఆప్షన్లు పెట్టండి" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం కొట్టు నుంచే ఆయన ఫోన్ చేశారు. వెనక బేళ్లు దించుతున్న కూలీల కేకలు వినిపిస్తున్నాయి. పొద్దున్నుంచి ఐదు కాలేజీల ఆఫీసులకు ఫోన్ చేశారట. మూడు చోట్ల హయ్యెస్ట్ ప్యాకేజీ చెప్పి ఊరుకున్నారట. ఒకచోట కనుక్కుని చెబుతామన్నారట. ఒక్క కాలేజీలో మాత్రం ప్లేస్‌మెంట్ చూసే మాస్టారు ఫోన్ అందుకుని, బ్రాంచిల వారీగా ఎంతమంది చదివారో, ఎంతమందికి వచ్చిందో, ఎంత వచ్చిందో పుస్తకం చూసి చదివారట. ఆ అంకె పెద్దదేమీ కాదు.

"అయినా మధ్యలోంచి లాగి చూపించాడు మాస్టారూ" అన్నారాయన. అమ్మాయి ఆ సాయంత్రమే ఆప్షన్లు పెట్టింది. ఒకటో నంబరు ఆ కాలేజీలో ఈసీఈ.